కోతకత్తి – పుస్తకపు అంచు

తలలు తెగవేసిన యంత్రం పేరు కాగితాలు కోసే యంత్రానికి దక్కటం విచిత్రమే. 1789లో, శిక్షపడినవాడు యాతన లేకుండా మరణించటానికి ఒక యంత్రం ఉండవలెనని ఫ్రాన్సు శాసనసభలో వాదించిన వైద్యుడు గిలొటిన్. నిజానికి ఆయన మరణదండననే హర్షించనివాడు. తన పేరిటి యంత్రానికి తానే బలి అయినాడన్నది కట్టుకథ. 1814లో ఆయన సహజమరణమే పొందినాడు. ఫ్రెంచివారు మాత్రం కాగితపు కోతయంత్రానికి ఆ పేరు పెట్టలేదు. పందొమ్మిదవ శతాబ్దంలో దానిని రూపొందించిన మాసికో అనే ఆయన పేరనే దానిని ‘మాసికో’ అంటారు. ఈ విషయంలో వారిదే మర్యాద అని నాకు తోస్తుంది.

మన బైండింగువారు దానిని కటింగు మిషన్ అంటారు. బరువైన పోత ఇనుప బల్ల, కాగితాల దొంతరను అదిమిపట్టే దిమ్మె, ఆ దిమ్మెను దించటానికి పైన ఒక చక్రం, ప్రక్కన పొడవైన పిడి. పిడి లాగగానే కత్తి నిట్టనిలువుగా పడదు. ఒక ప్రక్కకు జారుతూ దిగుతుంది. వంటింట్లో కూర తరిగేటప్పుడు కత్తిని ఊరక నొక్కక కాస్త జార్చి కోస్తాము గదా, ఇదీ అంతే. సీసపు అక్షరాలతో కూర్చే అచ్చుకూటాలు మూతపడిన కాలంలో ఈ యంత్రాలు ఎన్నో పాత ఇనుము ధరకు పోయినవి. మిగిలినవి కొన్ని పాఠశాలల, కళాశాలల సామానుగదులలో తుప్పుపట్టి పడివున్నవి. వాటిని తూకానికి వేసే ముందు ఒక్కమాట ఆలోచించవలెనని మనవి.

పదునులేని కత్తి కోయక మానదు; చెడగోస్తుంది. మొద్దువాదర కాగితాన్ని తెంపలేక ముందుకు లాగుతుంది. పై పుటలు ఒక కొలతకు, క్రింది పుటలు ఒక కొలతకు తెగుతవి. అంచు నూగునూగుగా లేస్తుంది. దానిని సరిచేయటానికి మరల కోయవలె. అప్పటికీ కుదరకపోతే మూడవసారి. ఒక్కొక్క కోతకు పుస్తకపు అంచు కొంత తరిగిపోతుంది.

తరిగితే నష్టమేమి, అక్కడ ఉన్నది తెల్లకాగితమే గదా అనవచ్చును. మా గ్రంథాలయంలో మనుచరిత్ర పాతప్రతి ఒకటి ఉన్నది. ఎవరో పండితుడు పుటపుటకూ అంచులలో పాఠాంతరాలు సన్నని అక్షరాలతో వ్రాసుకొన్నాడు. ఎన్నడో దానిని తిరిగి బైండు చేయించినారు. కుడిపుటలలో పంక్తుల చివరలు, ఎడమపుటలలో పంక్తుల మొదళ్లు ఎగిరిపోయినవి. ఒకచోట ‘కొన్ని ప్రతులలో’ అన్నంతవరకే మిగిలినది. ఆ ప్రతులలో ఏమున్నదో, అది ఏ చెత్తబుట్టలోనికి పోయినదో! నా వరకు, అటువంటి వ్రాత ఉన్న పుస్తకాన్ని అసలు కోయనే కోయరాదు. కోయక తప్పని వాటినైనా ఒక్క వేటుతో, అతి తక్కువ అంచుతో కోయవలె. అందుకు పదునైన కత్తి కావలె.

పాతయంత్రాన్ని బాగుచేయటం బ్రహ్మవిద్య కాదు. బల్లమీది తుప్పును కిరసనాయిలు పోసి నాననిచ్చి, గరుకుకాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, పలుచగా నూనె పూయవలె. మరలకు, కీళ్లకు నూనె వేయవలె. కత్తి దిగేచోట బల్లలో ఒక చదరపు కొయ్యపట్టీ ఉంటుంది. వాదర వచ్చి దానిమీద ఆగుతుంది. అది గాడిపడితే అడుగు పుటలు తెగక చిరుగుతవి. పట్టీని పారవేయనక్కరలేదు, నాలుగు ముఖాలు, రెండు కొనలు త్రిప్పుకొంటే ఎనిమిదిసార్లు కొత్తదే. ఆ పొదుపు ఎరిగిన బైండరును చూస్తే నాకు ముచ్చట.

ఇక కత్తి సంగతి. దానికి ఒకవైపే ఏటవాలు ఉంటుంది, సుమారు 20, 25 డిగ్రీల మధ్య, రెండవవైపు చదును. సానపట్టవలసినది ఏటవాలునే. దానిమీద కాస్త సిరా పూసి నూనెరాతిని నడిపితే, సిరా పోయినంతమేర రాయి తగిలినట్లు తెలుస్తుంది. పోనిచోట తగలలేదన్నమాట. ఏటవాలు మారకుండా కాపాడటానికి ఇంతకన్న మంచి ఉపాయం లేదు. రాపిడికి వాదర వెనుక వెంట్రుకవంటి ఇనుపనలుసు లేస్తుంది. చదునువైపును రాతిమీద పూర్తిగా పరచి, ఒకటి రెండుసార్లు మెల్లగా తీస్తే అది రాలిపోతుంది. ఆవైపు ఏమాత్రం పైకెత్తి రుద్దినా కత్తి పాడైనట్లే.

వాదర పెద్దగా విరిగితే ఇంటివైద్యం పనికిరాదు. వీధిలో సానపట్టేవాని చక్రానికి అసలే ఇవ్వరాదు. అంత పొడవు కత్తి ఆ చక్రంమీద అలలు తిరుగుతుంది. వేడికి ఉక్కు నీలివన్నె తిరిగి పాయనం చెడుతుంది. నీరు పారుతుండగా నిలువునా అరగదీసే యంత్రం ఉన్నచోటికే పంపవలె. తిరిగివచ్చిన కత్తి వెడల్పు కొంత తగ్గి ఉంటుంది. కాబట్టి దానిని క్రిందికి దించి బిగించుకోవలె. లేకున్న అడుగుకాగితం తెగదు.

కత్తిని ఊడదీయటం, బిగించటం పెద్దల పని. వాదరకు మందపు అట్ట కట్టనిదే దానిని కదపరాదు. విద్యార్థులు ప్రక్కన నిలిచి చూడవచ్చును. అన్నీ బిగించిన తరువాత చేయదగిన పరీక్ష ఒకటున్నది. దానిని వారిచేతనే చేయించవచ్చును. నాలుగైదు తెల్లకాగితాలను వెనుక ఆనికకు ఆనించి కోయాలి. వానిలో సగం తిరగవేసి, ఆనికకు తగిలిన అంచులు కలిసేటట్లు మిగిలినవానిమీద పరచాలి. కోసిన అంచులు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చుంటే యంత్రం సమకోణంలో ఉన్నట్లు. కొననుండి తేడా కనబడితే, ఆ తేడాలో సగానికి ఆనికను జరుపుకోవలె.