ఆచూకీ కూడా అమానతే

ఎలమంచిలి హైదరాబాదుకు సుమారు నాలుగున్నర డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్క వేస్తే, ఇక్కడ సూర్యుడు అక్కడికంటే సుమారు 17 నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. అందుకే హైదరాబాదు నమాజు వేళల పట్టికను తెచ్చి ఇక్కడి గోడకు తగిలిస్తే పనికిరాదు. ఆ పట్టిక పని ఇప్పుడు చాలా ఇళ్ళలో సెల్‌ఫోనే చేస్తోంది. మనం ఎక్కడున్నామో తెలుసుకుని అజాన్ వినిపిస్తుంది, ఖిబ్లా చూపిస్తుంది. ఎలమంచిలి వారికి ఖిబ్లా నేరుగా పడమర కాదు. పడమర నుంచి 13 డిగ్రీల మేర ఉత్తరానికి జరగాలి.

ఉపగ్రహాలు, సెల్ టవర్లు, చుట్టూ ఉన్న వైఫై సంకేతాలను బట్టి ఫోను తన చోటు కనిపెడుతుంది. మంచిదే. అయితే నమాజు లెక్కకు ఊరి పేరు తెలిస్తే చాలు. 10 కిలోమీటర్లు తూర్పుకో పడమరకో జరిగినా తేడా అర నిమిషం ఉండదు. మరి యాప్ మన గడప దాకా ఎందుకు రావాలి?

ఈ ప్రశ్నకు 2020 నవంబరులో చేదు జవాబు దొరికింది. అప్పటికి 9 కోట్ల 80 లక్షలకు పైగా డౌన్‌లోడ్ అయిన ముస్లిం ప్రో యాప్ నుంచి వాడకందారుల ఆచూకీ ఎక్స్-మోడ్ అనే అమెరికా వ్యాపార సంస్థకు చేరుతోందని, ఆ సంస్థ ఖాతాదారుల్లో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని మదర్‌బోర్డ్ పత్రిక బయటపెట్టింది. తాము సైన్యానికి అమ్మలేదని యాప్ యాజమాన్యం ప్రకటించి, ఎక్స్-మోడ్‌తో సంబంధం తెంచుకుంది. ఫజర్ వేళ తెలుసుకుందామని ఫోను తెరిచిన వారికి తమ రాకపోకలు ఇన్ని చేతులు మారుతున్నాయని ఏం తెలుసు! 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థను సున్నితమైన ప్రదేశాల ఆచూకీ అమ్మవద్దని కట్టడి చేసింది. ఆ ప్రదేశాల్లో ప్రార్థనాలయాలు కూడా ఉన్నాయి.

దూరదేశపు గొడవ అని దీన్ని వదిలేయడానికి లేదు. మన ఇళ్ళలోనూ ఇంజనీరింగు చదివి యాప్‌లు తయారు చేసే పిల్లలున్నారు. దగ్గరలో ఉన్న స్నేహితులను చూపించే యాప్ అంటే వారికి ఉత్సాహం. పేరు, వీధి చూపకుండా దూరం మాత్రమే చూపిస్తే ప్రమాదం లేదనుకుంటారు. ఒక అమ్మాయి 800 మీటర్ల దూరంలో ఉన్నట్టు రైల్వే స్టేషను దగ్గర యాప్ చెప్పిందనుకుందాం. అదే యాప్‌ను బస్టాండు దగ్గర ఒకసారి, జాతీయ రహదారి మీద మరోసారి తెరిచి, ఆ మూడు దూరాలతో పటం మీద మూడు వలయాలు గీస్తే అవి కలిసే చోటే ఆమె ఉన్న చోటు. టిండర్ యాప్‌లో ఇలాంటి లోపమే ఉన్నదని 2014లో భద్రతా పరిశోధకులు వెల్లడించారు.

దీనికి మందు లేకపోలేదు. ఊరిని కిలోమీటరు గళ్ళుగా విభజించి, మనిషి ఏ గడిలో ఉన్నాడో అదొక్కటే సర్వరుకు పంపితే సరిపోతుంది. అసలు చోటు ఫోను దాటి పోకూడదు. పాత ఆచూకీలు కూడబెట్టుకోకూడదు. ఉచిత యాప్‌లో ప్రకటనల కోసం ఇతరుల కోడ్ ముక్కలు అతికించే ముందు అవి ఏం మోసుకుపోతున్నాయో చూడాలి. ముస్లిం ప్రో విషయంలో దారి తీసింది అలాంటి ముక్కే. ఇతరుల ఇళ్ళలోకి అనుమతి పొంది, సలాం చెప్పి మరీ ప్రవేశించాలని దివ్య ఖుర్‌ఆన్ నూర్ సూరా బోధిస్తోంది. ఒకరి గుట్టు కూపీ లాగడాన్ని హుజురాత్ సూరా వారించింది. యాప్ రాసే యువకుడికి ఇంతకంటే స్పష్టమైన నియమావళి ఎక్కడ దొరుకుతుంది? మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా పనికి అవసరమైనంత మేరకే సమాచారం తీసుకోవాలంటోంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి.

ఇక తల్లిదండ్రుల సంగతి. రైల్లో విశాఖ కాలేజీకి వెళ్ళి వచ్చే కూతురి కోసం తల్లి బెంగపడటం సహజం. అంతమాత్రాన ఆమెకు చెప్పకుండా ఫోనులో నిఘా యాప్ పెట్టడం సబబు కాదు. అది బిడ్డ నమ్మకాన్ని తీసేస్తుంది, ఆమె ఆచూకీని ఎవరో పరాయి సంస్థ చేతిలో పెడుతుంది. 2017 నుంచి వాట్సాప్‌లో ఉన్న లైవ్ లొకేషన్ చాలా మెరుగు. 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని గడువు ఉంటుంది. బండెక్కగానే అమ్మాయే పంపుతుంది, గడువు తీరగానే అదే ఆగిపోతుంది.

నమాజు యాప్ వాడేవారు ఈ జుమా తర్వాత ఫోను సెట్టింగుల్లోకి వెళ్ళి చూడండి. ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లలో ఖచ్చితమైన చోటు ఇవ్వకుండా సుమారు చోటు మాత్రమే ఇచ్చే వీలుంది. ఐఫోన్లలో 2020 నుంచే ఉంది. లేదా లొకేషన్ పూర్తిగా ఆపేసి, చేత్తో ఎలమంచిలి అని రాయండి.