ఈ పాట బాగుందని ఎట్లా తెలుస్తుంది?

పిల్లలూ, ఒక పాట బాగున్నదని మీకు ఎట్లా తెలుస్తుంది? “వింటే తెలుస్తుంది గదా అయ్యవారూ!” అంటారు. మంచిదే. కాని అదే పాట విని మీ అవ్వ, “ఇదేం పాటరా, చెవులు పగిలిపోతున్నాయి!” అంటుంది. ఆమె తన పాతపాట పెడితే మీకు ఆవలింతలు వస్తాయి. చెవులు అందరికీ ఒక్కమాదిరే ఉన్నాయి. తీర్పులు మాత్రం వేరు!

ఈ తగవు ఒకప్పుడు ఢిల్లీదాకా పోయింది. 1952లో బి.వి. కేస్కర్ గారు కేంద్ర ప్రభుత్వంలో సమాచార, ప్రసార శాఖకు మంత్రి అయినారు. ఆయనకు శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం; సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మాయమైనాయి. శ్రోతలు ఊరుకున్నారా? రేడియో ముల్లు తిప్పి సిలోనుకు పోయారు! కొలంబో నుంచి బయలుదేరిన షార్ట్‌వేవ్ తరంగాలు చాలా ఎత్తున ఉన్న అయనావరణందాకా పోయి, గోడకు కొట్టిన బంతిలాగా కిందికి మళ్లి, సముద్రం దాటి మన దేశంలో దిగేవి. అదే ఏడాది డిసెంబరులో అక్కడ అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ మొదలుపెట్టాడు. తరవాత కాలంలో అక్కడి నుంచే మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు కార్యక్రమం కూడా వచ్చేది. మా ఈడువాళ్లం దాని కోసం రేడియోకు చెవులు ఆనించి కూర్చునేవాళ్లం. చివరకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణి ‘వివిధభారతి’ని ప్రారంభించింది.

అయితే ఎక్కువమంది మెచ్చిన పాటే మంచి పాటా? ఇక్కడొక మెలిక ఉన్నది. రాబర్ట్ జైయన్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో తన ప్రయోగాలను ప్రకటించాడు. చైనా లిపిని పోలిన అక్షరాలను, ఆ లిపి రాని విద్యార్థులకు చూపించాడు. కొన్నిటిని ఎక్కువసార్లు, కొన్నిటిని ఒకటి రెండుసార్లు. “వీటిలో దేనికి మంచి అర్థం ఉంటుంది? ఊహించండి” అన్నాడు. ఎక్కువసార్లు కంటబడిన అక్షరాలకే మంచి అర్థం ఉంటుందని వాళ్లు ఊహించారు! పాటా అంతే. బస్టాండు దగ్గర టీ అంగట్లో రోజూ మోగే పాటను పదోరోజున మీరే కూనిరాగం తీస్తారు. (మరీ ఎక్కువైతే మొగం మొత్తుతుంది లెండి.)

ఇక నా సంగతి. నేను బడిలో పని చేసేటప్పుడు ఒక కుర్రవాడు లెక్కలు చేస్తూ సన్నగా పాడుతున్నాడు. అది ‘మాయాబజార్’లో వెన్నెట్లో పడవమీద పాడే పాట, ఘంటసాల, పి. లీల పాడినది. “సినిమా పాట కూడా ఒక సంగీతమేనా? నోరు మూసుకో!” అన్నాను, అందరి ముందూ. వాడు నోరు మూసుకున్నాడు. ఆ తరవాత ప్రార్థనలో కూడా వాడి గొంతు వినబడలేదు.

కొన్నాళ్లకు హార్మోనియం వాయించే నా మిత్రుడొకాయన నన్ను కూర్చోబెట్టి, “నల్లమెట్లు మాత్రమే నొక్కండి” అన్నాడు. మీరూ చేసి చూడండి. నల్లమెట్లు రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటిదానిని ‘స’ అనుకొని వరుసగా నల్లవే నొక్కితే స, రి, గ, ప, ద వస్తాయి. మ, ని ఉండవు. అదే మోహన రాగం! త్యాగరాజస్వామి కీర్తనలు చేసిన రాగం. చైనా జానపద గీతాలలోనూ, స్కాట్లండు పల్లెపాటలలోనూ ఇటువంటి ఐదు స్వరాల వరుస వినిపిస్తుంది. నా మిత్రుడు అట్లాగే వాయిస్తూ పోతుంటే ఏం వినబడిందనుకున్నారు? ఆ పడవ పాట! ఏ పాటను సంగీతం కాదన్నానో అది మోహనలోనే ఉన్నది. నాకు తల కొట్టేసినట్లయింది.

అప్పటి నుంచి పాటను ఒకసారి విని తీర్పు చెప్పడం మానుకున్నాను. మొదటిసారి మాటలు వింటాను. రెండోసారి మాటలు వదిలేసి వరస వింటాను. మూడోసారి తాళం ఒక్కటే, వేళ్లతో లెక్కబెడుతూ. అప్పటికీ నచ్చకపోతే నచ్చలేదంటాను.

ఆ కుర్రవాడు ఇప్పుడు చంద్రగిరి కోటకు పోయే దారిలో కుట్టుమిషను పెట్టుకున్నాడు. పక్కన రేడియో మోగుతూనే ఉంటుంది. మొన్న చొక్కా ఇవ్వడానికి పోతే గబగబా లేచి, “తగ్గించమంటారా అయ్యవారూ?” అన్నాడు.

“వద్దు నాయనా, కొంచెం పెంచు” అని బల్లమీద కూర్చున్నాను.