పూటకూడు – చాపకూడు

తెలుగున "కూడు" అను మాటకు గౌరవము తగ్గినది. సభలో "భోజనము" అందుము, ఇంటిలో "అన్నము" అందుము. కోపము వచ్చినప్పుడు గాని "కూడు" నోటికి రాదు. అయినను పల్నాటి జీవితమును తెలిసికొనగోరువాడు ఈ మాటను విడువరాదు. పూటకూడు, చాపకూడు అను రెండును దానినుండియే పుట్టినవి. ఒకటి సొమ్ముకు పెట్టునది. ఒకటి పిలిచి పెట్టునది.

నరసరావుపేటలో మధ్యాహ్నము పండ్రెండు దాటినదనగా భోజనశాలల ముంగిట చెప్పులు పేరుకొనును. కోర్టు పనిమీద వచ్చిన రైతు, బస్సు మారుటకు దిగిన బేరగాడు, గది అద్దెకు తీసికొని చదువుకొను విద్యార్థి, క్రొత్తగా బదిలీయై వచ్చి ఇంకను కాపురము పెట్టని ఉపాధ్యాయుడు ఒకే వరుసలో కూర్చుందురు. ఆకుపై నీళ్లు చిలకరించుకొనునంతలో గోంగూర పచ్చడి వచ్చును. వెనువెంటనే పప్పు, కూర, కందిపొడి; వాని నడుమ వేడి అన్నము, దానిమీద నేతిచుక్క. పిదప పులుసు, చారు, మజ్జిగ. ఈ క్రమము తప్పదు. చారువరకు వచ్చినవానికి మరల పప్పు అడుగుటకు మొగమోటముగా నుండును. అడిగినప్పుడు వడ్డించువాడు విసుగుకొనకుండుటయే మంచి భోజనశాలకు గురుతు. కూర రుచి ఆ తరువాతి మాట. "ఫుల్ భోజన" మనగా ఆకలి తీరువరకు వడ్డించునది, "ప్లేటు భోజన" మనగా కొలిచి పెట్టునది. ఈ భేదము ముందుగా తెలియని విద్యార్థి నెలాఖరున తప్పక తెలిసికొనును.

సొమ్ము తీసికొని అన్నము పెట్టుట నిన్న మొన్నటి వాడుక కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామములో ఓరుగంటి పూటకూటింటి వర్ణన కలదు. ఆ కావ్యము శ్రీనాథునిదే యని వాదించు పండితులును కలరు. ఆ తగవు ఇక్కడ అక్కరలేదు. మెరుగైన అన్నము, గోధుమపిండి వంటకము, గుప్పెడు పంచదార, అప్పుడు కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, పెరుగు ఇన్నియు ఒక్క రూకకు లభించినవట. వంటకములతోపాటు వెలను గూడ చెప్పిన భోజన వర్ణన మన ప్రాచీన సాహిత్యమున అరుదు. ఓరుగంటిలో ఇట్టి వైభవమును చూచిన ఆ కాలమే, శ్రీనాథునివని ప్రచారములోనున్న చాటువులలో, పల్నాటి జొన్నకూటిని ఎకసెక్కమాడినది.

అయితే ఆ రూక ఎవని చేతిలోనున్నను చెల్లెడిదేనా? పూటకూళ్లయిండ్లు చాలవరకు బ్రాహ్మణ గృహములు. మరియొక ఆధారము లేని వితంతువులు వంటచేతినే నమ్ముకొని నడపినవి వానిలో అనేకము. విద్యార్థులందరు ఎరిగిన కన్యాశుల్కములోని పూటకూళ్లమ్మ ఆ కోవకు చెందినదే. లోకము చిన్నచూపు చూచిన స్త్రీకి ఆ వృత్తి కూడు పెట్టినది. కాని ఆమె పెట్టు పంక్తిలో కూర్చుండుటకు ఆకలి ఒక్కటియే అర్హత కాలేదు. కాఫీ హోటళ్లు వచ్చిన పిమ్మటను "బ్రాహ్మణ హోటలు" అను పలకలు వ్రేలాడుచునే యుండెను. కొందరికి లోపల పీట, కొందరికి అరుగు, కొందరికి అరుగు కూడ లేదు.

ఇట్టి అడ్డుగోడలను పల్నాటిలో పండ్రెండవ శతాబ్దముననే ఒకడు కాదన్నాడని వీరగాథలు చెప్పుచున్నవి. మాచెర్ల చెన్నకేశవుని భక్తుడైన బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టించెను, అదియే చాపకూడు. అంటరానివాడని లోకము దూరముంచిన కన్నమదాసును కుమారునిగా భావించి సేనలకు నాయకుని చేసెనని వీరవిద్యావంతులు పాడుదురు. నలగామ, మలిదేవ రాజుల దాయాది పోరు కారెంపూడి వద్ద నాగులేటి ఒడ్డున ముగిసినది. వీరులు కూలిరి, రాజ్యము చెడినది, పేరుగల ఇండ్లు పాడుపడినవి. ఆ పోరులో గెలిచినవారెవరో చెప్పుట కష్టము. చాప మాత్రము చిరుగలేదు. కార్తిక అమావాస్యనాడు మొదలగు అయిదు దినముల వీరుల ఉత్సవములలో నేటికిని చాపకూడు జరుగుచున్నది.

ఏటికొక దినము ఉత్సవమున కలిసి తినుట వేరు, ప్రతిదినము హోటలులో కలిసి తినుట వేరు. రెండవదానికి చట్టము కావలసివచ్చినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, భోజనశాలలలో కులమునుబట్టి ఎవరిని అడ్డగించరాదని పదునైదవ అధికరణమున శాసించినది. అస్పృశ్యతను పాటించినవారికి శిక్ష విధించు చట్టము 1955లో వచ్చినది. హోటలు పలకలపైని "బ్రాహ్మణ" పదమును తొలగింపవలెనని 1957లో మద్రాసున పెరియారు అనుచరులు ఆందోళన సాగించిరి. ఇది మన దేశపు రోగము మాత్రమే కాదు. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు, తెల్లవారికి మాత్రమే వడ్డించు దుకాణపు బల్లవద్ద కూర్చుండి కాఫీ అడిగిరి. ఇయ్యమన్నను లేవలేదు. మరునాడు మరికొందరు వచ్చిరి. ఆ జూలైలోనే ఆ బల్ల అందరిదైనది. మన పల్లెల టీ దుకాణములలో రెండు వరుసల గ్లాసులు చట్టము తరువాతను దశాబ్దముల తరబడి నిలిచినవి. బ్రహ్మనాయుని కథను రాత్రి తెల్లవార్లు విని, ఉదయము వేరు గ్లాసు అందించిన చేతులును ఉండియుండవచ్చును.

ఆకుమీది అన్నము కూడ మారినది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు నీరు కాలువలలోనికి విడువబడినది. కుడికాలువ పారిన మేర మెట్టపొలములు మాగాణులయ్యెను. పండుగనాటి వరియన్నము నిత్యభోజనమైనది. నాడు కవి వెక్కిరించిన జొన్న, నేడు వైద్యుని సలహాతో రొట్టెయై తిరిగివచ్చుచున్నది.

ఇప్పుడు వీథివీథిని కర్రీ పాయింట్లు వెలసినవి. అన్నము ఇంటి కుక్కరులో ఉడుకుచుండగా, పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి చిన్న చిన్న సంచులలో మూటగట్టి యిత్తురు. పగలంతయు పనిచేసి వచ్చిన గృహిణికి ఇది ఎంత సాయమో ఆమెనే అడుగవలెను. నిందించుట సులభము, సాయంకాలము ఆరు గంటలకు పొయ్యి వెలిగించుట కష్టము. కూర వండినది ఎవరని ఇప్పుడు కొనువాడు అడుగడు. పూటకూళ్ల కాలమున అన్నిటికంటె ముందు వచ్చిన ప్రశ్న అది. అయితే ప్రక్కవాడు ఎవడో చూచుటకును ఇక్కడ తీరిక లేదు. సంచి పుచ్చుకొని ఎవరి ఇంటికి వారు పోయి, ఎవరి తలుపు వారు మూసికొని తిందురు.

కార్తికమాసము చివర మాచెర్లనుండియు, గురజాలనుండియు, నరసరావుపేటనుండియు జనము కారెంపూడి బస్సులెక్కుదురు. అక్కడ చాపలు పరతురు.