ముప్పది దినముల గడువు

పన్ను చీటి చేతికి వచ్చిన దినమున గృహస్థునకు కలుగు ఆగ్రహము మన పట్టణములలో క్రొత్తది కాదు. వీధి యరుగులమీదను, కాఫీహోటళ్లలోను, ప్లీడర్ల గదులలోను దానినిగూర్చి జరుగు ప్రసంగములకు కొదువ లేదు. కాని ఆ పన్నునకు మూలమైన నియమము ముసాయిదాగా వెలువడి, ఆక్షేపణ లున్నవారు వ్రాసి పంపవలసినదని పురపాలక సంఘమువారు కోరిన దినములలో ఆ ముసాయిదాను తెప్పించి చదివినవారు వీధికొక్కరైనను కనబడరు. ప్రకటన పత్రికలో నొక మూల చిన్న యక్షరములతో పడును, గడువు కడచును, నియమము గెజిటు కెక్కును, అటుపిమ్మట ఊరేగింపులు మొదలగును.

ఈ యాక్షేపణాధికారము అధికారుల దాక్షిణ్యమువలన లభించినది కాదు. ముందుగా ప్రకటించిన పిమ్మటనే నియమములు చేయవలెనని ఒక శాసనము విధించినచో ఆ ప్రకటన యెట్లుండవలెనో 1897వ సంవత్సరపు జనరల్ క్లాజెస్ చట్టములోని 23వ సెక్షను చెప్పుచున్నది. ముసాయిదాను ప్రకటింపవలెను, దానిని ఏ తేదీన ఆలోచనకు తీసికొందురో తెలుపవలెను, ఆ తేదీకి ముందు చేరిన ఆక్షేపణలను, సూచనలను పర్యాలోచింపవలెను. ఇంతవరకు పలువు రెరుగుదురు. దాని చివరి ఉపవిభాగమును మాత్రము ప్లీడర్లు తప్ప ఇతరులు సామాన్యముగా చదువరు. ముందుగా ప్రకటించిన పిమ్మటనే చేయబడిన నియమమని గెజిటులో అచ్చుపడినచో, అది సక్రమముగా చేయబడినదనుటకు ఆ యచ్చే తిరుగులేని నిదర్శన మగునట! ముసాయిదా తనకు తెలియనే లేదని తరువాత వాపోవువానికి ఈ వాక్యము ఎంత గట్టి గోడయో వేరుగ చెప్ప నక్కరలేదు. గడువులును అన్నిటికి నొక్కటి కావు. అనేక ప్రకటనలలో ముప్పది దినము లుండును. 2015లో ఘనవ్యర్థముల నియమముల ముసాయిదాకు కేంద్రప్రభుత్వము అరువది దిన మొసగెను. ఏది యెంతయో ప్రకటనలోనే చూచుకొనవలెను.

పురపాలనమునకును ప్రజాభిప్రాయమునకును ఆంధ్రదేశమున జరిగిన సంఘర్షణములలో చీరాల–పేరాల యుదంతము మొదట స్మరణకు వచ్చును. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండును, ఊరు విడిచి రామనగరమున పాకలు వేసికొన్న ప్రజలను మనము మరువలేదు. దానికి ముందు జరిగినదే మరుగున పడినది. ఆ గ్రామములు యూనియనుగా నున్నపుడు ఏటికి సుమారు నాలుగువేల రూపాయల పన్ను చెల్లించుచుండెను. పురపాలక సంఘము వచ్చుటతో ఆ భారము సుమారు నలువది వేలయ్యెను. జనులలో చాలమంది నేతపనివారు. మగ్గము ఆడిన దినమే అన్నము. వారు మొదట చేసినది వలస కాదు. పన్ను చెల్లించువారు సంఘముగా చేరి ప్రభుత్వమునకు విన్నపములు పంపిరి. సభ్యులు తమ స్థానములకు రాజీనామా లిచ్చిరి. అప్పటికి స్థానిక స్వపరిపాలనము దేశీయ మంత్రుల కప్పగింపబడిన శాఖ; ఆ శాఖను వహించినవారు తెలుగువారే యైన పానగల్లు రాజావారు. విదేశీయుని నిందించి ఊరకుండుటకు వీలులేని ఘట్టమది! విన్నపములు ఫలింపలేదు. పన్ను నిరాకరించినవారు చెరసాలకు పోయిరి. 1921లో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి వెళ్లిన పిమ్మట, పదునైదువేల జనములో సుమారు పదమూడువేలమంది ఇండ్లు విడిచి, పదునొకండు నెలలు ఎండకును వానకును ఓర్చిరి. తుదకు నాయకుడు కారాగారమునందుండగా జనులు తిరిగి యిండ్లు చేరిరి. పురపాలక సంఘము నిలిచినది. ఐనను దేశము వారి పక్షమున నిలిచినదనిన, వారు మహజర్ల దారి నంతటిని ముందుగా నడచి చూచినవా రగుటయే అందుకు ఒక కారణము.

మనకు వారికున్నంత కష్టము లేదు. వారికున్నంత శ్రద్ధయు లేదు. అయితే లోపమంతయు ప్రజలమీద మోపుట న్యాయము కాదు. ముసాయిదా ఏ భాషలో నున్నది? ఉత్తరదేశములోని రాంపూరు పురపాలక సంఘము నీటిపన్ను వేయదలచినపుడు, హిందీ పత్రికలో ప్రకటింపవలెనని శాసనముండగా, హిందీ ప్రకటనను ఉర్దూ పత్రికలో వేయించెను. ఒక చక్కెర మిల్లువారు వ్యాజ్యమాడిరి. సుప్రీంకోర్టు 1964లో, ప్రకటన తప్పనిసరియే గాని దాని విధానములో స్వల్పలోపమువలన పన్ను చెడదని తీర్పు చెప్పెను. ప్రకటన యొక్క ప్రయోజనము పన్ను భరించువాడు తన మాట చెప్పుకొనుటకు అవకాశ మిచ్చుటయే యని కూడ ఆ తీర్పునందే కలదు. 2020లో పర్యావరణ ప్రభావపు మదింపు నియమముల ముసాయిదా ఇంగ్లీషు, హిందీలలో మాత్రమే వెలువడగా, రాజ్యాంగములోని ఎనిమిదవ షెడ్యూలు భాషలలోనికి దానిని అనువదింపవలెనని ఢిల్లీ హైకోర్టు ఆజ్ఞాపించెను. కేంద్రప్రభుత్వము ఆ యనువాదములు చేయించుటకు బదులు సుప్రీంకోర్టు కెక్కినది! తెలుగు ఆంధ్రప్రదేశమున 1966 నుండి శాసనరీత్యా అధికారభాష. తెలుగు చదువగలిగిన రైతు తన పొలముమీదుగా పోవు రోడ్డునుగూర్చి ఇంగ్లీషు పటమును చూచి ఆక్షేపింపవలసివచ్చుట సిగ్గుచేటు.

ఈ రోడ్డు మాట ఊహ కాదు. 2041 వరకు ఉద్దేశింపబడిన విశాఖపట్టణ ప్రాంతపు మహాప్రణాళిక ముసాయిదా 2021లో ప్రకటింపబడినపుడు, తమ భూములమీదుగా గీయబడిన రోడ్లను జూచి పలువురు గ్రామీణు లాక్షేపించిరి. మహాప్రణాళిక యనగా రంగుల పటము. ఒక రంగు పడిన భూమిలో ఇల్లు కట్టవచ్చును, వేరొక రంగు పడినచో కట్టరాదు. అమ్మకపు ధర ఆ రంగుతో హెచ్చును, తగ్గును. భూవసతి గల మన పాఠకులు అడంగలును ఎంత జాగ్రత్తగ చూచుకొందురో ఈ పటమును అంత జాగ్రత్తగ చూచుకొనవలెను.

ఆక్షేపణ వ్రాయుటలోను మనవారికొక యలవాటు గలదు. విషయమును వదలి ప్రభుత్వమును దూషించుట. 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఇంటిపన్నును అద్దె విలువనుబట్టి గాక మూలధన విలువనుబట్టి వేయ నిశ్చయించి, నివాసగృహములకు ఆ విలువలో 0.10 మొదలు 0.50 శాతము వరకును, ఇతర కట్టడములకు 0.20 మొదలు 2 శాతము వరకును హద్దు లేర్పరచెను. 2021లో పురపాలక సంఘములు ముసాయిదాలు ప్రకటించి ఆక్షేపణలు కోరినవి. మూలధన విలువ పద్ధతియే యన్యాయమను నినాదము వీధులలో మిన్నుముట్టినది. ఆ వాదము తప్పని మేమనము. కాని పద్ధతిని మార్చగలది శాసనసభ. ఊరి పురపాలక సంఘము చేతిలో నున్నది ఆ హద్దుల నడుమ రేటు. సంఘమునకు పంపు కాగితములో ఫలాని వార్డున ఫలాని రేటు ఏల భారమో, నిన్నటి పన్నెంతయో, రేపటి పన్నెంతయో, పొరుగూరి రేటెంతయో అంకెలతో చూపి, ఏ రేటు తగునో తామే సూచించినచో, దానిని త్రోసివేయుటకు అధికారికిని కొంత శ్రమ కలుగును. నియమపు సంఖ్య వేసి, మార్పు కోరిన వాక్యము నెట్లుండవలెనో వ్రాసిచ్చుట మరియు మేలు. వేయి సంతకములతో నొక్క కాగితముకంటె, వేరు వేరు నష్టములు చెప్పు పది కాగితములు ఎక్కువ పనిచేయునని మా నమ్మకము.

కాగితమిచ్చి ముట్టినట్లు రసీదు పుచ్చుకొనవలెను. తుది ప్రకటనలో, వచ్చిన ఆక్షేపణలను పర్యాలోచించితిమని ఒక్క వాక్యము వ్రాసి చేతులు దులుపుకొనుట అధికారుల వాడుక. ఎన్ని వచ్చినవి, ఎవరు చదివిరి, ఏ కారణమున త్రోసిరి అనునవి అందు కానరావు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ఆ ఫైలులోని వ్రాతల నకళ్లను ఏ పౌరుడైనను కోరవచ్చును. సామాన్యముగా ముప్పది దినములలో బదులీయవలెను. ఈ ముప్పది దినముల గడువు అధికారిది.