మీకు తెలుసా? క్యాండిడేట్ అంటే తెల్లబట్టలాయన!

ఎన్నికలొస్తే ఊరూవాడా నోట్లో నానే ‘క్యాండిడేట్’ అన్న మాటకి మొదట్లో ఓట్లతో సంబంధమే లేదు. లాటిన్‌లో ‘క్యాండిడస్’ అంటే ధగధగలాడే తెలుపు. ‘క్యాండిడాటస్’ అంటే ఆ తెలుపు కట్టుకున్నవాడు, అంతే.

• ప్రాచీన రోమ్‌లో పౌరులు కట్టే టోగా ఉన్నిబట్ట. ఎంత ఉతికినా ఉన్ని కాస్త మాసిన తెలుపే. పదవికి పోటీపడేవాడు మందిలో కొట్టొచ్చినట్టు కనపడాలి కదా! అందుకని టోగాకి సుద్దపొడి బాగా పట్టించి, మిలమిలలాడుతూ ఊరి నడిబొడ్డు మైదానమైన ఫోరానికి వచ్చేవాడు. ఓట్ల కోసం బట్టలకి తెలుపు అద్దకూడదని క్రీ.పూ. 432లోనే చట్టం చేశారని చరిత్రకారుడు లివీ రాశాడు. చట్టం దారి చట్టానిదే, సుద్ద దారి సుద్దదే! మూడున్నర శతాబ్దాల తర్వాత రోమన్ వక్త, నాయకుడు సిసెరో కాలంలోనూ పోటీదారులు తెల్లగానే తిరిగారు.

• పూర్వం టోగా లోపల చొక్కా లేకుండానే ఓట్లడిగేవారట. యుద్ధంలో తిన్న దెబ్బల మచ్చలు జనం కంటపడాలని! ప్రాచీన రచయిత ప్లూటార్క్ చెప్పిన కారణాల్లో ఇదొకటి.

• అభ్యర్థి పక్కన ఒక బానిస నడిచేవాడు. పేరు నోమెన్‌క్లేటర్. ఎదురొచ్చినవాడి పేరు చెవిలో ఊదడం అతని పని. అయ్యగారు వెంటనే చెయ్యి పట్టుకుని, చిన్నప్పట్నుంచీ ఎరిగినట్టు పేరుపెట్టి పలకరించేవారు. ఇలాంటివాళ్లను వెంట తిప్పుకోకూడదని చట్టం వస్తే, పాటించింది రోమన్ నాయకుడు చిన్న కేటో ఒక్కడేనట. పేర్లన్నీ తనే గుర్తుపెట్టుకున్నాడు.

• క్యాండిల్, మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పే ‘క్యాండిడ్’, రెండూ ఆ మెరుపు కుటుంబంలోవే. ఇంకాస్త వెనక్కి వెళితే సంస్కృత ‘చంద్ర’ కూడా దీనికి దూరపు చుట్టం. అంటే మన చంద్రానికీ ఆ క్యాండిడేట్‌కీ బీరకాయపీచు బంధుత్వం ఉందన్నమాట.

• ‘యాంబిషన్’ కూడా ఎన్నికల మాటే. ‘ఆంబిరే’ అంటే చుట్టూ తిరగడం, అంటే ఓట్ల కోసం గడపగడపకీ తిరగడం. అదే ధాతువు నుంచి వచ్చిన ‘ఆంబిటస్’ మాత్రం ఓట్లు కొనే నేరం. క్రీ.పూ. 63లో కాన్సుల్ అనే అత్యున్నత పదవిలో ఉన్న సిసెరో ఈ నేరానికి పదేళ్ల దేశబహిష్కారం విధించే చట్టం తెచ్చాడు. అదే ఏడాది మురేనా అనే నాయకుడు ఆ నేరం కిందే బోనెక్కితే, నేరం మోపినవాళ్లలో కేటో ఉన్నాడు. మురేనా తరఫున వాదించింది సాక్షాత్తూ సిసెరో. కేసు గెలిచాడు కూడా.