గ్యాస్ అనేది జబ్బు పేరు కాదు

మన హాస్టల్లో ఏ రూముకెళ్ళి అడిగినా వినిపించే మాట ఒకటే: "గ్యాస్ రా మామా, అంతే." ఛాతీలో మంటైనా గ్యాసే, తిన్నాక కడుపు ఉబ్బినా గ్యాసే, పొద్దున్నే మూడుసార్లు బాత్రూంకి పరిగెత్తినా గ్యాసే. మా గుమ్మఘట్ట వైపు ఇళ్ళల్లో కూడా ఇదే వరస. మెడికల్ షాపుకెళ్ళి "గ్యాస్ బిళ్ళ" అంటే చాలు, డాక్టర్ చీటీ లేకుండానే చేతికొస్తుంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది, మూడో రోజు మళ్ళీ మొదలు. అలా నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడిచిపోతాయి.

కోడ్‌లో ఎర్రర్ వస్తే ఆ మెసేజ్ కనబడకుండా చేసి "సరిపోయింది" అని మనం అనం కదా. కడుపు విషయంలో మాత్రం రోజూ చేసేది అదే. గ్యాస్, మంట, ఉబ్బరం అన్నవి లక్షణాలు. వాటి వెనక కారణం వేరే ఉంటుంది, అది మనిషి మనిషికీ మారుతుంది.

కారణం తెలియకపోతే ఎంత నష్టమో యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చెబుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరుల్ని కొద్ది రోజుల తేడాలో పోగొట్టుకున్నారు. తనకూ అదే జబ్బు వచ్చి, అతికష్టం మీద బయటపడ్డారు. స్ప్రూలో నెలల తరబడి విరేచనాలవుతాయి. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది. పైకి చూస్తే "అరగడం లేదు" అన్నట్టే ఉంటుంది. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగుల్లో రక్తహీనత తగ్గించడానికి అది పనికొచ్చింది.

ఇక మన ఊరి సంగతి. కడుపు బాధ అనగానే తిండినే అనుమానిస్తాం, నీళ్ళ జోలికి పోం. అనంతపురం జిల్లాలో వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. గుమ్మఘట్ట మండలంలో వేదవతి మీద 1961లో పూర్తయిన భైరవానితిప్ప ప్రాజెక్టు ఉన్నా, వానలు మొహం చాటేస్తే మళ్ళీ బోర్లే దిక్కు. మా జిల్లా కింద ఎక్కువగా ఉన్నది గ్రానైట్, నైస్ రాళ్ళు. వాటిలోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. నీళ్ళు ఆ రాళ్ళ మధ్య ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువ కలుస్తుంది. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతి. జిల్లాలో చాలా బోర్ల నీళ్ళు ఈ గీత దాటినవే.

ఫ్లోరైడ్ అంటే గారపట్టిన పళ్ళు, వంగిన కాళ్ళే గుర్తొస్తాయి. కానీ అది కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంగా మారి, లోపలి పొరను రేపుతుంది. వికారం, కడుపునొప్పి, ఉబ్బరం, మలబద్ధకం దాని వల్ల కూడా రావచ్చు. ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ళకి ఎండోస్కోపీ చేసి, జీర్ణకోశంలో కనబడిన మార్పుల్ని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 1996లో ప్రచురించారు. ఇంకో మాట: నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్ళలో దాని పాలు పెరుగుతుంది. ఆర్.ఓ. తీసేస్తుంది. కానీ క్యాన్ నీళ్ళు తాగుతూ, సంగటికీ పప్పుకీ టీకీ బోరు నీళ్ళే వాడుతుంటే ఫ్లోరైడ్ కడుపులోకి పోతూనే ఉంటుంది.

అలాగని మా ఊళ్ళో ప్రతి కడుపునొప్పికీ ఫ్లోరైడే కారణం అనలేం. రెండో అనుమానితురాలు హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. అల్సర్లకి కారం, టెన్షన్ మాత్రమే కారణం అని డాక్టర్లు కూడా నమ్మే రోజుల్లో, ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ 1984లో ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తనే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. ఆయనకీ రాబిన్ వారెన్‌కీ 2005లో నోబెల్ వచ్చింది. ఈ బాక్టీరియా చాలామంది కడుపులో పైకి ఏ లక్షణమూ చూపకుండా ఉంటుంది, కొందరికి అల్సర్ తెస్తుంది. మల పరీక్షతోనో శ్వాస పరీక్షతోనో పట్టుకోవచ్చు. ఉందని తేలితే యాంటీబయాటిక్స్ కోర్సుతో నయం చేస్తారు. చిక్కల్లా ఇక్కడే: పాంటాప్రజోల్ లాంటి బిళ్ళలు వేసుకుంటూ ఈ పరీక్ష చేయిస్తే, బాక్టీరియా ఉన్నా లేనట్టు రావచ్చు. సాధారణంగా రెండు వారాల ముందు ఆపమంటారు. ఆపేది డాక్టర్‌ని అడిగే ఆపండి.

మూడోది పాలు. చిన్నతనం దాటాక మనలో చాలామందికి లాక్టోజ్‌ని అరిగించే ఎంజైమ్ తగ్గిపోతుంది. పాలు తాగిన కాసేపటికి కడుపులో గుడగుడలు, విరేచనాలు వస్తే రెండు వారాలు పాలు మానేసి చూడండి. పెరుగు చాలామందికి పడుతుంది. నాలుగోది గోధుమ. ఇంట్లో జొన్నరొట్టె, రాగిసంగటి తిన్నవాళ్ళం హాస్టల్లో చపాతీ, పరోటాలకి మారతాం. అందరికీ ఇబ్బంది రాదు, కొద్దిమందికి మాత్రం గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉంటుంది. అనుమానం ఉంటే రక్తపరీక్ష అయ్యేదాకా గోధుమ మానకండి, మానేస్తే పరీక్షలో దొరకదు. ఇంకా నొప్పి బిళ్ళలు (డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్), థైరాయిడ్, నులిపురుగులు, పేగు టీబీ కూడా జాబితాలో ఉన్నాయి.

పరీక్షలన్నీ బాగున్నా బాధ తగ్గకపోతే? దాన్ని "నీ ఊహ" అని కొట్టిపారేయకూడదు. ఐ.బి.ఎస్. అనే స్థితిలో పేగు బయటికి బాగానే కనిపిస్తుంది కానీ మెదడుకీ పేగుకీ మధ్య కబుర్లు తేడాగా నడుస్తాయి. సెమిస్టర్ పరీక్షలప్పుడు ఎక్కువవడం అందుకే. దానికీ చికిత్స ఉంది.

డాక్టర్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళకండి. రెండు వారాలు ఒక పేజీలో రాయండి: ఏ టైంకి ఏం తిన్నారు, ఏ నీళ్ళు తాగారు, బాధ ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎంత, ఏ బిళ్ళలు వేసుకున్నారు. ఏదైనా మానేసి చూడాలంటే ఒక్కసారి ఒక్కటే మానండి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల తగ్గిందో తెలీదు, ఈ సంగతి మన ల్యాబ్‌లో నేర్పిందే.

ఇవి కనిపిస్తే మాత్రం రాస్తూ కూచోకుండా వెంటనే వెళ్ళండి: విరేచనంలో రక్తం, తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడం కష్టమవడం, తగ్గని జ్వరం, నిద్రలోంచి లేపే నొప్పి, రక్తహీనత.

మీది కూడా బోరు నీళ్ళ ఊరైతే, ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు వంటకి వాడే నీళ్ళు ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి, జిల్లా గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో ఫ్లోరైడ్ పరీక్షకి ఇవ్వండి. ఇంట్లో అమ్మో, అవ్వో, తాతో ఏళ్ళ తరబడి గ్యాస్ బిళ్ళ మింగుతుంటే, "ఎప్పట్నుంచి వేసుకుంటున్నావు, ఎవరు రాసిచ్చారు" అని పక్కన కూచుని అడగండి. ఏళ్ళకేళ్ళు వాడితే ఆ బిళ్ళలు బి12, మెగ్నీషియం ఒంటికి పట్టకుండా చేయొచ్చు. ఆ రెండు ప్రశ్నలకీ జవాబులు రాసుకుని, వాళ్ళని డాక్టర్ దగ్గరికి మీరే తీసుకెళ్ళండి.