మెస్ అంటే... గందరగోళమా, భోజనమా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... శ్రీసత్యసాయి జిల్లాలోని ఈ మూడు ఊళ్లూ బెంగళూరు రైలుమార్గం మీదే ఉంటాయి. ఎక్కడ దిగి ‘మెస్ ఎక్కడండీ?’ అనడిగినా నేరుగా అన్నం దొరికే చోటే చూపిస్తారు. అదే మాట ఇంగ్లిషు సినిమాలో వినిపిస్తే మాత్రం అర్థం వేరు. అంతా అస్తవ్యస్తం, గందరగోళం! ఆకలి తీర్చే మాటకి అంత చెడ్డపేరు ఎందుకొచ్చినట్టు?

నిజానికి ఆ మాట పుట్టిందే భోజనాల బల్ల మీద. లాటిన్‌లో ‘మిస్సుస్’ అంటే బల్ల మీద పెట్టినది, అంటే వడ్డన. (మెసేజ్, మిషన్, మిస్సైల్... అన్నీ దీని చుట్టాలే!) ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చి ‘మెస్’ అయింది. మొదట ఒక వడ్డన, తర్వాత ఆ వడ్డన పంచుకుని తినే బృందం. సాధారణంగా నలుగురు. గాంధీజీ లండన్‌లో న్యాయవిద్య చదివే రోజుల్లోనూ విందుల్లో నలుగురేసి కూర్చునేవారు. నలుగురికీ కలిపి రెండు సీసాల వైన్. ఆయన ముట్టుకోరు కాబట్టి తమతో కూర్చోమని మిగతావాళ్లు పోటీ పడేవారట! ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు.

మరి గందరగోళం? 18వ శతాబ్దానికి అన్నీ కలిపి పశువులకు పెట్టే కుడితిలాంటి దాన్నీ మెస్ అనసాగారు. అక్కణ్నుంచి కలగలిసిపోయిన ప్రతిదానికీ ఆ పేరు అంటుకుంది. ‘అస్తవ్యస్తం’ అన్న అర్థం స్థిరపడింది 19వ శతాబ్దంలో. శశిథరూర్ 2017లో ట్వీట్ చేసి అందరిచేతా నిఘంటువులు తిరగేయించిన ‘ఫరాగో’ కూడా లాటిన్‌లో పశువుల మేతే.

నవ్వుకోనక్కర్లేదు, మనమూ అదే పని చేశాం. బియ్యం, పెసరపప్పు కలిపి వండితే పులగం. వ్యవహారం కలిసిపోతే కలగాపులగం. నాలుగు రకాల కూరలు ఒకే గంపలో పడేస్తే కలగూరగంప. తిండిలో కలిస్తే రుచి, పనిలో కలిస్తే చిక్కు!

ఇంగ్లిషులో చెడిన మాట మన దగ్గర పాత అర్థంతోనే బతికింది. బ్రిటిష్ సైన్యం వెంట కంటోన్మెంట్లకు వచ్చింది, హాస్టళ్లకు పాకింది, ఆనక వీధి బోర్డెక్కింది. అయితే ‘కలిసి తినడం’ అన్నది ఇక్కడ అంత తేలిక కాదు. ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో రైల్వేస్టేషన్లలో హిందువులకు, ముస్లింలకు వేర్వేరు ఫలహారశాలలుండేవి. హోటళ్లలో బ్రాహ్మణులకు విడిగా పంక్తులు. కొందరికైతే గడప లోపలికే చోటులేదు. మతం, కులం పేరుతో ఎవరినీ హోటళ్లలోకి రానివ్వకుండా ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో రాసుకోవాల్సి వచ్చింది, 1950లో!

ఆ లెక్కన మెస్సులో పక్క కుర్చీ చిన్న విషయమేం కాదు. ధర్మవరంలో చీరలు కొనడానికొచ్చిన వ్యాపారి, హిందూపురంలో గది అద్దెకు తీసుకున్న విద్యార్థి, 2019లో కార్ల తయారీ మొదలయ్యాక పెనుకొండకు పనికొచ్చిన పరాయి రాష్ట్రం కుర్రాడు... ఒకరి పేరు ఒకరికి తెలియకుండానే సాంబారు గిన్నె అటూఇటూ జరుపుకుంటారు.

అన్నట్టు, చాలా మెస్సులకు ఆదివారం రాత్రి సెలవు. ఆ పూట బ్రహ్మచారుల గదిలో పొయ్యి వెలిగాక వంటిల్లు ఎలా ఉంటుందో చెప్పాలంటే... ఇంగ్లిషువాళ్ల అర్థమే సరిపోతుంది!